బార్ కౌన్సిల్, బార్ అండ్ రెస్టారెంట్, మిల్లీబార్: ఈ ‘బార్’ అంతా ఒకటేనా?

ఉత్తరద్వారం
కోర్టు గేటు పక్కన బార్ అసోసియేషన్ బోర్డు. రోడ్డు దాటితే బార్ అండ్ రెస్టారెంట్. తుపాను వార్తల్లో మిల్లీబార్లు, కడుతున్న ఇంటి దగ్గర బార్ బెండింగ్, కొట్లో బార్ సబ్బు, దాని మీద బార్‌కోడ్. ఇంగ్లిష్ నిఘంటువు తీస్తే ఈ చిన్న మాట కింద అర్థాలు చేంతాడంత ఉన్నాయి. వీటన్నిటి పుట్టుక ఒకటేనా, వేరువేరా? ‘బ్రిటిష్ అక్రెడిటెడ్ రిజిస్ట్రీ’కి పొడి అక్షరాలే బార్ అని వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతోంది, అది నిజమేనా? ఎవరి రంగంలోంచి వారు చెబితే బాగుంటుంది.

మూలధాతువు
ముందు ఆ వాట్సాప్ సంగతి తేల్చేద్దాం. అది పచ్చి అబద్ధం. న్యాయస్థానం అర్థంలో ‘బార్’ ఇంగ్లిష్‌లో 14వ శతాబ్ది నుంచీ ఉంది. పొడి అక్షరాలు కలిపి మాటలు చేసే అలవాటు జోరందుకున్నది 20వ శతాబ్దిలో. పాత మాటకి ఇలాంటి కథ ఎవరు చెప్పినా నమ్మకండి.

మీరు రాసిన జాబితాలో ఉన్నవి రెండు వేర్వేరు మాటలు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి పలుకు ఒకటైపోయింది, అంతే.

మొదటిది పాత ఫ్రెంచి ‘బార్’. జన వ్యవహారంలోని లాటిన్ ‘బర్రా’ నుంచి వచ్చింది. అంతకు వెనక దాని మూలం ఏమిటో పండితులు తేల్చలేదు. సుమారు 12వ శతాబ్దిలో ఇంగ్లిష్‌లో చేరింది. తలుపు తెరుచుకోకుండా అడ్డంగా వేసే మాను, అంటే మన అడ్డగడియ, దాని తొలి అర్థాల్లో ఒకటి. ఆ అడ్డగడియలో రెండు గుణాలున్నాయి: పొడుగ్గా గట్టిగా ఉంటుంది, దారికి అడ్డం పడుతుంది. పొడుగు గుణం పట్టుకుని ఇనుప కడ్డీ, బంగారం కడ్డీ, సబ్బు, చాక్లెట్, బార్ గ్రాఫు, బార్‌కోడ్ వచ్చాయి. అడ్డం గుణం పట్టుకుని కోర్టు బార్, సారా బార్, నిషేధం, జైలు ఊచలు, నదీముఖంలో పడవలకి అడ్డొచ్చే ఇసుక మేట వచ్చాయి.

రెండోది గాలి ఒత్తిడిని కొలిచే మిల్లీబార్‌లోని బార్. ఇది గ్రీకు ‘బరోస్’ నుంచి వచ్చింది, బరువు అని అర్థం. కడ్డీకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.

సండేబడి
మూడోదీ ఉందండి. అరమేయిక్ భాషలో ‘బర్’ అంటే కొడుకు. తెలుగు బైబిల్ చదివేవాళ్లకి ఇది రోజూ కనిపించేదే: బర్నబా, బరబ్బ, బర్తొలొమయి, సీమోను బర్‌యోనా. మార్కు సువార్త 10వ అధ్యాయంలో బర్తిమయిని తీమయి కుమారుడని అక్కడికక్కడే విప్పి చెప్పారు. యూదుల ‘బార్ మిట్స్వా’లోదీ ఇదే బర్. పదమూడేళ్లు నిండిన అబ్బాయి ఇక ధర్మశాస్త్ర ఆజ్ఞలకి తానే బాధ్యుడవుతాడు. ‘ఆజ్ఞాపుత్రుడు’ అన్నమాట.

కంకిపాడు
మూలధాతువు గారూ, గ్రీకు ‘బరోస్’ అంటే బరువు అన్నారు కదా. మన ‘భారం’ అదేనా? వినడానికి అచ్చం అలాగే ఉంది.

మూలధాతువు
చాలామంది పొరబడే చోటు ఇదేనండి. ‘భారం’ వేరే ధాతువు. మోయడం అనే అర్థమున్న ‘భృ’ నుంచి వచ్చింది. ఇంగ్లిష్‌లో దాని చుట్టాలు ‘బేర్’, ‘బర్డెన్’. సంస్కృతంలో ‘భ’ ఉన్న చోట గ్రీకులో ‘ఫ’ రావాలి. భరామి అన్నదానికి గ్రీకులో ‘ఫెరో’ ఉంది.

‘బరోస్’ జంట మాట ‘బరుస్’, అంటే బరువైనది. దానికి సంస్కృతంలో తోబుట్టువు ‘గురు’. లాటిన్‌లో ‘గ్రావిస్’, అందులోంచి గ్రావిటీ. మూల భాషలోని ‘గ్వ’ అనే ధ్వని గ్రీకులో ‘బ’ అయింది, సంస్కృతంలో ‘గ’గా నిలిచింది. కాబట్టి తుపాను వార్తల్లో మిల్లీబార్, మన ఛందస్సులో గురువు, న్యూటన్ గురుత్వాకర్షణ ఒకే ఇంటి మాటలు. గురువు పక్కన ఉండే లఘువుకి కూడా ఇంగ్లిష్‌లో తోబుట్టువు ఉంది: తేలిక అనే అర్థంలోని ‘లైట్’.

ఈ గ్రీకు మాట సంతానమే బారోమీటర్, ఐసోబార్, సంగీతంలో బారిటోన్, రసాయన శాస్త్రంలో బేరియం. బేరియాన్ని 1808లో హంఫ్రీ డేవీ వేరుచేశారు. దాని ఖనిజం బెరైటీస్‌కి ‘బరువైన రాయి’ అన్న భావంతోనే ఆ పేరు. పాత కడప జిల్లా మంగంపేటలో తవ్వే ముగ్గురాయి అదే. దాని సాంద్రత నీటికి నాలుగు రెట్ల పైమాటే. అందుకే పొడి కొట్టి చమురు బావుల డ్రిల్లింగ్ బురదలో కలుపుతారు. బురద స్తంభం బరువెక్కితేనే అడుగు నుంచి తన్నుకొచ్చే గ్యాసుని అణచి పెట్టగలుగుతుంది.

నల్లకోటు
కోర్టు సంగతి నేను చెబుతాను. పాత ఇంగ్లిష్ న్యాయస్థానాల్లో జడ్జి కూర్చునే భాగాన్ని వేరుచేస్తూ ఒక కొయ్య కటకటా ఉండేది. అదే బార్. ముద్దాయిని దాని దగ్గర నిలబెట్టేవారు. న్యాయవాది అక్కడికి వచ్చి వాదించేవారు. లండన్‌లో న్యాయవిద్య నేర్పే ‘ఇన్’లలో కూడా పెద్దలు కూర్చునే చోటుకీ విద్యార్థులకీ మధ్య ఒక బార్ ఉండేది. చదువు పూర్తయ్యాక అక్కడికి పిలుపు రావడమే ‘కాల్డ్ టు ద బార్’. బారిస్టర్ అన్న మాట అక్కడిదే. గాంధీజీకి ఇన్నర్ టెంపుల్‌లో ఆ పిలుపు వచ్చింది 1891 జూన్ 10న. మన దగ్గర 1961 అడ్వకేట్స్ చట్టం వచ్చాక అందరూ అడ్వకేట్లే. రాష్ట్ర బార్ కౌన్సిల్ రోల్‌లో పేరు ఎక్కాలి.

పార్లమెంటులోనూ బార్ ఉంది. సభ్యులు కానివారు అది దాటి లోపలికి రాకూడదు. సభ పిలిపించినా దాని దగ్గరే నిలబడాలి. 1961 ఆగస్టు 29న ‘బ్లిట్జ్’ వారపత్రిక సంపాదకుడు కరంజియాను లోక్‌సభ తన బార్ దగ్గర నిలబెట్టి మందలించింది. 2011 ఆగస్టులో కలకత్తా హైకోర్టు జడ్జి సౌమిత్ర సేన్ తన అభిశంసన తీర్మానం మీద రాజ్యసభ బార్ దగ్గర నిలబడే జవాబు చెప్పుకున్నారు.

ఉత్తరద్వారం
‘నోటు టైమ్ బార్ అయింది’ అని ఊళ్లలో కూడా అంటారు. అది కూడా ఈ బారేనా?

నల్లకోటు
అదే. అడ్డు అనే అర్థం. తెలుగులో కాలదోషం పట్టడం అంటాం. ఇది మాత్రం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే.

అడిగినప్పుడు చెల్లించే ప్రామిసరీ నోటుకి గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. అడిగిన తేదీ నుంచి కాదు. ‘నేనింకా అడగనే లేదు కదా, గడువెలా అయిపోతుంది’ అనే వాదన చెల్లదు. గడువు దాటి దావా వేస్తే 1963 లిమిటేషన్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా కోర్టే కొట్టేయాలి. ఆఖరి రోజు కోర్టుకి సెలవైతే తెరిచిన రోజున వేయవచ్చు. అది 4వ సెక్షన్.

గడువు పొడిగించుకునే దారులు రెండు. బాకీ ఉన్నట్టు అప్పుదారు కాగితం మీద ఒప్పుకుని సంతకం చేయడం ఒకటి (18వ సెక్షన్). కొంత సొమ్ము కట్టి చెల్లు రాయడం రెండోది (19వ సెక్షన్). రెండూ మూడేళ్లు నిండక ముందే జరగాలి. జరిగిన రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు లెక్క.

చెల్లు విషయంలో జరిగే పొరపాటు ఒకటే. డబ్బు పుచ్చుకున్న ఆసామి నోటు వెనక ‘ఫలానా తేదీన ఐదు వేలు ముట్టినవి’ అని తన చేత్తో రాసి తానే సంతకం పెట్టుకుంటాడు. దానివల్ల గడువు పెరగదు. చెల్లు రాత కట్టినవారి దస్తూరీలోనైనా ఉండాలి, వారి సంతకమైనా దాని కింద ఉండాలి. సంతకం రానివారైతే వేలిముద్ర.

కాలదోషం పట్టిందంటే అప్పు మాసిపోయిందని కాదు. కోర్టుకెళ్లే దారికి అడ్డం పడిందని మాత్రమే. అప్పుదారు తనంతట తాను కడితే తీసుకోవచ్చు. పాత బాకీ ఇస్తానని కొత్తగా రాసి సంతకం చేస్తే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ మూడో క్లాజు కింద అది చెల్లుతుంది.

కంకిపాడు
మరి మందు బార్?

మూలధాతువు
16వ శతాబ్ది చివర్లో సత్రాల్లో సరుకు ఉన్న చోటుకీ తాగేవాళ్లకీ నడుమ అడ్డబల్ల ఉండేది. దాని పేరు మొదట బల్లకి, తర్వాత గదికి, ఆపైన కొట్టుకే పట్టింది. మన లైసెన్సుల్లో తేడా కూడా చెబుతున్నాను. ఏ4 దుకాణం, అంటే వైన్ షాపు, సీలు తీయని సీసాలు అమ్మాలి. కూర్చోబెట్టి గ్లాసులో పోసి ఇవ్వాలంటే 2బి లైసెన్సు కావాలి. అదే బార్.

ఇటాలియన్లు ఈ ఇంగ్లిష్ మాటనే తీసుకుని కాఫీ కొట్టుకి పెట్టుకున్నారు. అక్కడ పనిచేసేవారు ‘బరిస్టా’. అది ఇంగ్లిష్‌లోకి తిరిగొచ్చింది. బారిస్టరూ బరిస్టా ఇద్దరూ అదే అడ్డగడియ పిల్లలు.

సెంట్రింగ్
కడ్డీ దగ్గరికి వద్దాం. ఇల్లు కట్టుకునేవారికి పనికొచ్చే లెక్క ఒకటి ఉంది. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 మి.మీ.కి 0.395, 10కి 0.617, 12కి 0.889, 16కి 1.58, 20కి 2.47. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకి 7850 కిలోలు కాబట్టి ఈ 162 వచ్చింది. పూర్తి కడ్డీ 12 మీటర్లు ఉంటుంది. 12 మి.మీ. కడ్డీ ఒకటి 10.67 కిలోలు తూగాలి.

ఈ కడ్డీలకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం బరువులో 10 మి.మీ. వరకు 7 శాతం, 16 వరకు 5 శాతం, ఆపైన 3 శాతం అటూఇటూ ఉండవచ్చు. మోసం ఎక్కడంటే, కడ్డీల లెక్కన బేరం కుదిరినప్పుడు. సన్నగా లాగిన సరుకు 12 అని చెప్పి ఇస్తారు. గుత్తిలోంచి ఒక కడ్డీ తీసి సరిగ్గా మీటరు కోసి తూకం వేయండి. 840 గ్రాముల లోపు వస్తే లోడు దించుకోకండి. వెర్నియర్‌తో వ్యాసం కొలిస్తే సరిపోదు, కడ్డీ మీద గాట్లు అడ్డొచ్చి కొలత తప్పుతుంది. తూకమే దారి.

గడ్డపారని క్రౌబార్ అంటారు కదా, దాని పేరు మొదట ఉత్త ‘క్రౌ’. చీలిన కొస కాకి ముక్కునో కాలినో పోలి ఉందని.

తులంబాట్లు
బంగారం బార్ గురించి కూడా. లండన్ మార్కెట్లో పెద్ద కడ్డీ సుమారు 400 ట్రాయ్ ఔన్సులు, అంటే 12.4 కిలోలు. స్వచ్ఛత వెయ్యికి 995కి తగ్గకూడదు. మన జనం నోట్లో ‘బిస్కెట్’ అయింది మాత్రం పది తులాల కడ్డీ. వ్యాపారంలో ‘టీటీ బార్’ అంటారు. బరువు 116.64 గ్రాములు. తులం అసలు 11.66 గ్రాములు. ఇప్పుడు షాపుల్లో తులం అంటే పది గ్రాములనే అర్థంలో వాడుతున్నారు. పాత పత్రాల్లో, కట్నం కాగితాల్లో ‘పది తులాలు’ అని ఉంటే ఏ తులమో చూసుకోవాలి. తేడా పదహారున్నర గ్రాములు.

వాయుగుండం
ఒత్తిడి బార్ గురించి నేను రాస్తాను. ఈ కొలతని 20వ శతాబ్ది మొదట్లో వాడుకలోకి తెచ్చింది నార్వే వాతావరణ శాస్త్రవేత్త విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్. ఒక బార్ అంటే లక్ష పాస్కల్‌లు. మిల్లీబార్, హెక్టోపాస్కల్ రెండూ ఒకటే కొలత, పేరే మారింది. సముద్రమట్టం దగ్గర ప్రామాణిక ఒత్తిడి 1013.25. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌ కేంద్రంలో కనిష్ఠం 950.

ఒత్తిడి పడిపోవడం వల్లే సముద్రం ఊరి మీదికి వస్తుందనుకుంటారు. లెక్క చూడండి: ఒక మిల్లీబార్ తగ్గితే నీరు లేచేది సుమారు ఒక సెంటీమీటరు. 60 తగ్గినా 60 సెంటీమీటర్లే. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ మీదికి నీరు మీటర్ల ఎత్తున వచ్చింది. ఆ మిగతా ఎత్తంతా గాలి లోతు తక్కువ తీరం మీదికి తోసి తెచ్చిన నీరు. ఒత్తిడి అంకె భయపెట్టేది అందుకే. నీటిని అది నేరుగా లేపేది కొంచెమే, కానీ అది ఎంత తగ్గితే గాలి అంత ఉగ్రంగా ఉంటుంది.

ఇంట్లో పనికొచ్చేవి కొన్ని. ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ. కారు టైరుకి 32 పీఎస్ఐ, 2.2 బార్, 220 కిలోపాస్కల్ ఒకటే. పెట్రోలు బంకులో డిజిటల్ మిషన్ ఏ కొలతలో ఉందో చూసి అంకె నొక్కించండి. డోరు మీది స్టిక్కర్ 220 అని ఉంటే అది పీఎస్ఐ కాదు. ఇవి బయటి గాలి ఒత్తిడి మీద అదనంగా చూపే అంకెలు, టైరు లోపలి మొత్తం ఒత్తిడి ఇంకో బార్ ఎక్కువే ఉంటుంది. మేడ మీద ట్యాంకు నీటి మట్టం నుంచి కుళాయి దాకా పది మీటర్ల దిగువ ఉంటే సుమారు ఒక బార్. ట్యాంకు కిందనే ఉన్న పై అంతస్తు బాత్రూములో షవరు సన్నగా రావడానికి కారణం ఇదే, షవరు మార్చి లాభం లేదు.

గీతలలెక్క
బార్‌కోడ్‌కి వస్తాను. దాన్ని కనిపెట్టిన వుడ్‌ల్యాండ్, సిల్వర్‌ల పేటెంటు 1952 అక్టోబరు 7న వచ్చింది. దుకాణంలో ఇప్పటి రకం కోడ్ మొదటిసారి స్కాన్ చేసింది 1974 జూన్ 26న, అమెరికా ఒహాయో రాష్ట్రం ట్రాయ్‌లో, చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద.

మన సరుకుల మీద ఉండేది 13 అంకెల కోడ్. ఆఖరి అంకె సరిచూసుకునేది. ఎడమ నుంచి బేసి స్థానాల అంకెలు కూడండి, సరి స్థానాలవి కూడి మూడుతో గుణించండి, రెండూ కలిపి పై పదికి ఎంత తక్కువో అదే ఆఖరి అంకె. ఉదాహరణకి 890123456789: బేసివి 28, సరివి 34, మూడు రెట్లు 102, మొత్తం 130. పదికి సరిపోయింది కాబట్టి ఆఖరి అంకె 0. ఒక్క అంకె తప్పు కొడితే ఇది తప్పక పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే కూడా పడుతుంది, వాటి మధ్య తేడా 5 అయినప్పుడు తప్ప.

890తో మొదలైతే భారత్‌లో తయారైందని చాలామంది నమ్ముతారు. అది కోడ్ ఇచ్చిన సంస్థ జీఎస్1 ఇండియా అని మాత్రమే చెబుతుంది. సరుకు ఎక్కడిదైనా కావచ్చు.

సొంత పచ్చళ్లకి, పొడులకి లేబుళ్లు వేయించుకునేవారు రెండు చూసుకోండి. గీతలకి ఎడమన, కుడిన ఖాళీ తెల్ల అంచు వదలాలి. సన్నగీత వెడల్పుకి ఎడమ వైపు 11 రెట్లు, కుడి వైపు 7 రెట్లు. డిజైనర్లు అందం కోసం అది కోసేస్తారు, స్కానర్ చదవదు. రెండోది రంగు. ఎర్ర కాంతి వాడే స్కానర్‌కి ఎర్ర గీతలు తెల్లగానే కనిపిస్తాయి. మిరపకాయ బొమ్మకి నప్పిందని గీతలు ఎరుపులో వేయకండి. తెలుపు మీద నలుపే క్షేమం.

కంకిపాడు
బారికేడ్, ఎంబార్గో కూడా ఈ కుటుంబమేనా? దర్బార్? మన ‘బారులు తీరడం’?

మూలధాతువు
ఎంబార్గో అవును, స్పానిష్ దారిలో వచ్చింది. బారియర్ కూడా. బారికేడ్ మాత్రం నేరుగా ఇందులోంచి రాలేదు. ఫ్రెంచిలో ‘బరీక్’ అంటే పీపా. 1588 మే 12న పారిస్ జనం పీపాల్లో మట్టీ రాళ్లూ నింపి వీధులకి అడ్డం పెట్టారు, ఆ మాట అక్కడ ప్రచారంలోకి వచ్చింది.

దర్బార్ పారశీకం. ‘దర్’ అంటే తలుపు, ‘బార్’ అంటే కొలువు. మన బారు, బార, బారెడు అచ్చ తెలుగు మాటలు. రెండు చేతులు చాచినంత కొలత బార. వీటికీ ఇంగ్లిష్ బార్‌కీ ముడిపెట్టకండి.

ఆవర్తనం
ఒక్క ముక్క. పాశ్చాత్య సంగీతంలో స్వరాల మధ్య నిలువుగా గీసే గీత కూడా బారే. ఆ గీతల నడుమ ఉన్న భాగానికే ఇంగ్లండులో బార్ అని పేరు పట్టింది, అమెరికాలో ‘మెజర్’ అంటారు. మన ఆవర్తనానికి దీన్ని సమానం అనుకుంటే లెక్క తప్పుతుంది. ఆదితాళం ఒక ఆవర్తనం ఎనిమిది అక్షరాలు. నాలుగు దెబ్బల బార్లలో రాస్తే దానికి రెండు బార్లు పడతాయి.

ఉత్తరద్వారం
నల్లకోటు గారూ, మళ్లీ మీ దగ్గరికే వస్తున్నాను. 2022 జూన్ 10న రాసిన నోటు మీద 2024 మార్చి 3న కొంత కట్టి, అప్పుదారు తన చేత్తో చెల్లు రాశారనుకోండి. దావాకి ఆఖరి తేదీ ఏది? నోటు తేదీ లెక్కన 2025 జూన్‌తోనే అయిపోయినట్టా?

నల్లకోటు
అయిపోలేదండి. చెల్లు మొదటి మూడేళ్లలోనే పడింది కాబట్టి లెక్క దాని నుంచే. మొదటి రోజు లెక్కలోకి రాదు, 2027 మార్చి 3 దాకా దావా వేయవచ్చు. ఆ లోపు ఇంకో చెల్లు పడితే మళ్లీ దాని నుంచి మూడేళ్లు. చెల్లులో తేదీ, కట్టిన మొత్తం అక్షరాల్లోనూ అంకెల్లోనూ, కింద అప్పుదారు సంతకం ఉండేలా చూడండి. తేదీ లేని చెల్లు మూడేళ్లలోపే పడిందని రుజువు చేసుకునే బరువు దావా వేసినవారి మీదే పడుతుంది. నోటు ఇద్దరు కలిసి రాసి ఉంటే చెల్లు ఇద్దరి చేతా రాయించండి. ఒకరు రాసినంత మాత్రాన రెండోవారి మీద గడువు పెరగదు.